నీళ్లు పుష్కలంగా ఉన్నచోట ఆదా చేస్తే ఎవరికి లాభం?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు వానలు బాగా పడే చోట, ఏడాది పొడుగునా పారే నదికి దగ్గర్లో ఉంటున్నారు. ఎడారి దేశాల వాళ్లు చాలా తక్కువ నీళ్లతో సర్దుకుంటారని విన్నారు. మీరు ఇక్కడ పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కట్టేస్తే అక్కడివాళ్లకు ఏమైనా మేలు జరుగుతుందా, జరగకపోతే అసలెందుకు కట్టెయ్యాలి అని అడిగారు.

నేరుగా చెప్తాను. మీరు ఆదా చేసిన నీళ్లు ఎడారికి చేరవు. ఒక్క చుక్క కూడా చేరదు. అయినా ఆదా చెయ్యడానికి కారణాలున్నాయి. కాకపోతే అవి మీ ఊరికి, మీ కుళాయిలోకి నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయన్న దానికి సంబంధించినవి, దూరదేశాలకు సంబంధించినవి కావు. ఇక ఎడారివాళ్లంతా తక్కువ నీళ్లు వాడతారన్నది కూడా నిజం కాదు, మొదట దాని సంగతి చూద్దాం.

నేను ముప్పై ఏళ్లు తాగునీటి సరఫరాలోనే పనిచేశాను. మొదట్లో కొత్త వనరులు వెతకడం, ఆ తర్వాత పైపుల్లోంచి దొంగచాటుగా కారిపోయే నీళ్లను పట్టుకోవడం నా పని. ఈ మొత్తంలో నాకు బాగా తెలిసొచ్చింది ఏంటంటే, ఒక ప్రాంతంలో నీళ్లు ఎన్ని ఉన్నాయన్న లెక్క, అక్కడి మనిషి రోజూ ఎన్ని నీళ్లు వాడతాడన్న లెక్క రెండూ వేర్వేరు. ఒకటి చూసి రెండోది ఊహిస్తే దాదాపు ప్రతిసారీ తప్పుతాం.

ప్రకృతి ఇచ్చే నీళ్లలో తేడాలు ఎంత విపరీతంగా ఉంటాయో చూడండి. ఐస్‌లాండ్‌లో ఏటా వానగా, మంచుగా కురిసి నదుల్లోకి, నేలలోకి చేరే మంచినీళ్లను జనాభాతో భాగిస్తే మనిషికి 4 లక్షల ఘనపు మీటర్లకు పైగా వస్తుంది (ఒక ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు). కువైట్‌లో అదే లెక్క వేస్తే మనిషికి 10 ఘనపు మీటర్లు కూడా రావు. స్వీడన్‌కు చెందిన జలశాస్త్రవేత్త మాలిన్ ఫాల్కెన్‌మార్క్ 1989లో పెట్టిన కొలమానాన్ని మేమంతా ఇప్పటికీ వాడతాం: ఏడాదికి మనిషికి 1,700 ఘనపు మీటర్లకంటే తగ్గితే ఒత్తిడి, 1,000కంటే తగ్గితే కొరత, 500కంటే తగ్గితే తీవ్రమైన కొరత. భారతదేశంలో 1951లో 5,177 ఉన్నది 2011 నాటికి 1,545కి దిగింది. వానలు తగ్గడం వల్ల కాదు, పంచుకునేవాళ్లు పెరగడం వల్ల. జోర్డాన్‌లో అయితే ఈ అంకె వందకంటే తక్కువ.

ఇప్పుడు ఇళ్లలో వాడకం చూడండి. వానలకు లోటు లేని డెన్మార్క్‌లో మనిషి ఇంట్లో రోజుకు దాదాపు 100 లీటర్లు వాడతాడు. జర్మనీలో 125 లీటర్లు, కాస్త అటూఇటూ. అమెరికాలో 300 లీటర్ల దాకా, అందులో దాదాపు మూడోవంతు ఇంటి బయట గడ్డికి, తోటలకు పోతుంది. ఇక నదన్నదే లేని కువైట్, ఎమిరేట్స్‌లో తలసరి వాడకం ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్నవాటి వరసలో ఉంటుంది! సముద్రపు నీళ్లను శుద్ధి చేసి, ఆ ఖర్చులో చాలా భాగం ప్రభుత్వమే భరించి, ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడితో ఇంటికి పంపితే ఎడారిలో ఉన్నా మనిషి ధారాళంగానే వాడతాడు. అదే జోర్డాన్‌లో చాలా ఇళ్లకు వారానికోసారి మాత్రమే నీళ్లొస్తాయి. వచ్చిన రోజు మేడమీది ట్యాంకులు నింపుకుని, బట్టలు ఉతుక్కుని, ఇల్లు కడుక్కుని మిగతా రోజులు లెక్కగా వాడుకుంటారు. రెండూ ఎండిన దేశాలే. తేడా అంతా డబ్బులో, పైపులో ఉంది. కాబట్టి రోజువారీ వాడకాన్ని నిర్ణయించేది ఆకాశం కాదు, కుళాయి ఎన్ని గంటలు వస్తుంది, మీటర్ ఉందా, బిల్లు ఎంత, తోట ఉందా అన్నవే.

ఇంకో పొరపాటు వార్షిక సగటును నమ్మడం. లండన్ అంటే ఎప్పుడూ ముసురు పట్టి ఉండే నగరమని అందరి మనసులో ఉంటుంది కదా, అక్కడ ఏడాదికి పడేది సుమారు 600 మిల్లీమీటర్లే. చెన్నైలో దాదాపు 1,400 పడుతుంది, అంటే రెట్టింపుకంటే ఎక్కువ. కానీ 2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే జలాశయాలు అడుగంటిపోయి, జోలార్‌పేట నుంచి రైలు ట్యాంకర్లలో నీళ్లు తేవాల్సి వచ్చింది. లండన్‌లో వాన పన్నెండు నెలలకూ కొంచెం కొంచెంగా సర్దుకుంటుంది. చెన్నైలో ఎక్కువ భాగం అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపు కొన్ని రోజుల్లో కుమ్మరించి పోతుంది, ఆ నీళ్లను నిలబెట్టుకోగలిగితేనే మిగతా ఏడాది గడుస్తుంది. చిరపుంజిలో ఏటా 11 వేల మిల్లీమీటర్లకు పైగా పడినా చలికాలం, వేసవి మొదట్లో జనం నీళ్ల కోసం నడవాల్సి వస్తుంది. నిటారు వాలు మీద పడ్డ వాన పడ్డట్టే కిందకి, బంగ్లాదేశ్ మైదానాల్లోకి వెళ్లిపోతుంది.

ఇది పుస్తకంలో చదివితే నాకు ఇంతగా పట్టుకునేది కాదేమో. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక కొండ ఊరికి ఊట కొలవడానికి వెళ్లాను. వానాకాలంలో ఆ ఊట దగ్గర నిలబడితే పక్కమనిషి మాట వినపడలేదు, నీళ్ల హోరు అంత. నోట్‌బుక్‌లో లెక్కలు వేసుకున్నాను, ఏడాది మొత్తానికి ఆ ఊరి అవసరానికి ఎన్నో రెట్లు నీళ్లున్నాయి. మళ్లీ వేసవిలో వెళ్లేసరికి అక్కడ ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. రాళ్ల మధ్య గుంటలో అరచెయ్యి లోతు నీళ్లు. అడుగున మడ్డి కదలకుండా చిన్న గిన్నెను పక్కకి వంచి, నెమ్మదిగా తోడి, గుడ్డ కట్టిన బిందెలో పోస్తోంది. నాలుగైదు గిన్నెలు తోడాక ఆపి, గుంటలోకి మళ్లీ నీళ్లు ఊరేదాకా చూస్తూ కూర్చుంటుంది. ఒక బిందె నిండటానికి నా వాచీలో నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ వెనక ఇంకో ఆరు బిందెలు వరసలో ఉన్నాయి. అప్పట్నుంచి ఏ ఊరికి వెళ్లినా ఏడాదికి ఎంత అని అడగడం మానేసి, బాగా ఎండిన నెలలో ఎంత అని అడగడం మొదలుపెట్టాను. మీరు కూడా మీ నది గురించి ఇదే అడగండి.

నీళ్లు ఉండటం వేరు, అందడం వేరు అన్నదానికి కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్ కంటే పెద్ద ఉదాహరణ ఉండదు. అమెజాన్ తర్వాత అంత నీళ్లు మోసే నది అక్కడే ఉంది, అయినా ఆ దేశంలో కోట్లమందికి ఇంటి దగ్గర శుభ్రమైన నీళ్లు లేవు. శుద్ధి చేసే ప్లాంటు, పంపు, పైపు, వాటిని నడిపే మనుషులు, కరెంటు, ఇవన్నీ ఉంటే తప్ప నది కుళాయి కాలేదు. మోసుకొచ్చే నీళ్లకు ఒక హద్దుంటుంది: 20 లీటర్ల డబ్బా అంటే 20 కిలోలు, ఐదుగురున్న ఇంటికి మనిషికి 20 లీటర్ల చొప్పున తేవాలంటే రోజుకు ఐదుసార్లు తిరగాలి. అందుకే మోసుకొచ్చే చోట నది నిండుగా పారుతున్నా ఇంట్లో వాడకం 20 లీటర్లు దాటడం కష్టం. ఆరోగ్యంగా, శుభ్రంగా ఉండటానికి రోజుకు 50 నుంచి 100 లీటర్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

నాణ్యత గురించి కూడా ఒక్క మాట. బంగ్లాదేశ్‌లో నీళ్లకు కొదవ లేదు. కాల్వల, చెరువుల నీళ్లతో రోగాలొస్తున్నాయని లక్షల సంఖ్యలో గొట్టపు బావులు వేశారు. 1990లలో ఆ బావుల నీళ్లలో ఆర్సెనిక్ ఉందని బయటపడింది. కంటికి తేటగా ఉంటుంది, రుచి మారదు, ఏళ్ల తరబడి తాగితే మనిషిని తినేస్తుంది. తలసరి లెక్కల్లో ఈ నీళ్లన్నీ ‘ఉన్న నీళ్ల’ కిందే జమ అవుతాయి.

ఇక మీరు ఆదా చేసింది ఎందుకు ప్రయాణించదో చెప్తాను. నీళ్లు బరువు. రోజుకు 100 లీటర్లు వాడే ఒక మనిషికి ఏడాదికి 36 టన్నులకు పైగా కావాలి. ఒక్క మనిషికే! ఇంత చవకైన, ఇంత బరువైన వస్తువు ప్రపంచంలో ఇంకోటి లేదు. పల్లానికి దానంతటది పారితే సరే, పైకి ఎత్తాలంటే కరెంటు తాగుతుంది. ఒక ఘనపు మీటర్ నీళ్లను కిలోమీటర్ ఎత్తుకు పంపు చెయ్యడానికి, పంపు నష్టాలతో కలిపి, మూడున్నర నాలుగు యూనిట్లు పడుతుంది. సముద్రపు నీళ్లను ఆర్వో పద్ధతిలో మంచినీళ్లుగా మార్చడానికీ సుమారు అంతే పడుతుంది. అందుకే సముద్రం పక్కనున్న ఎడారి నగరం పర్వతాల అవతలి నదివైపు చూడదు, సముద్రంవైపే చూస్తుంది. చైనా లాంటి దేశం దక్షిణం నుంచి ఉత్తరానికి నీళ్లు మళ్లించగలిగింది, 2014 డిసెంబర్‌లో మొదలైన మధ్య కాల్వ బీజింగ్ దాకా వెళ్తుంది. కానీ అదంతా ఒకే దేశం, ఒకే ఖజానా, పైగా ఆ కాల్వలో చాలా దూరం పల్లానికే పారుతుంది.

సరే, నీళ్లు ప్రయాణించవు, మరి ఎందుకు ఆదా చెయ్యాలి? ఇక్కడే మీ వనరు ఏంటో తెలియాలి, ఎందుకంటే దాన్నిబట్టి జవాబు పూర్తిగా మారిపోతుంది.

మీది బోరు అయితే తప్పకుండా ఆదా చెయ్యండి, బయట నది నిండుగా ఉన్నా సరే. మీ బోరు, పక్కింటి బోరు ఒకే కుండలో ముంచుతున్న రెండు గ్లాసుల్లాంటివి. మీరు మిగిల్చింది నేలలోనే ఉంటుంది, వేసవిలో మీకో పక్కింటివాళ్లకో పనికొస్తుంది. భూగర్భజలం తగ్గడం కంటికి కనిపించదు, అదే దాంతో వచ్చిన చిక్కు. 2002లో పంపిన గ్రేస్ జంట ఉపగ్రహాలు భూమి గురుత్వాకర్షణలో వచ్చే చిన్న చిన్న మార్పులను కొలిచాయి. నేలలో నీళ్లు తగ్గితే అక్కడ ఆ ఆకర్షణ కూడా కాస్త తగ్గుతుంది. ఆ లెక్కలతో 2009లో వచ్చిన పరిశోధన, పంజాబ్, హర్యానా, రాజస్థాన్ ప్రాంతంలో ఆరేళ్లలో 109 ఘనపు కిలోమీటర్ల భూగర్భజలం తరిగిపోయిందని తేల్చింది. అందులో సింహభాగం సాగునీళ్లే, స్నానాల నీళ్లు కాదు. ప్రపంచం మొత్తం మీద మనం నదుల్లోంచి, నేలలోంచి తోడుకునే మంచినీళ్లలో 70 శాతం వ్యవసాయానికే పోతుంది, ఇళ్లలోకి వచ్చేది పదోవంతు కాస్త దాటుతుంది. కుళాయి కట్టేసే మనిషిని నేను గౌరవిస్తాను, కానీ కుళాయి కట్టేస్తే ప్రపంచ నీటి సమస్య తీరుతుందని ఎవరైనా చెప్తే ఒప్పుకోలేను.

మీది జలాశయం నీళ్లయితే మామూలు రోజుల్లో మీ ఆదా చిన్నదే, కరువు ఏడాదిలో మాత్రం అదే ఊరిని నిలబెడుతుంది. 2018లో కేప్‌టౌన్ నగరం మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టింది. ఎప్పుడు కుళాయిలు కట్టేస్తారో ఆ తేదీని కూడా ముందే చెప్పేశారు. జనం రెండు నిమిషాల్లో స్నానం ముగించారు, ఆ స్నానం నీళ్లు బకెట్‌లో పట్టి ఫ్లష్‌కు వాడారు. నగరం మొత్తం వాడకం కరువుకు ముందున్న దాంట్లో సగానికి పడిపోయింది. వానలొచ్చేదాకా ఆ తేదీని జరుపుకుంటూ పోయారు, చివరికి కుళాయిలు కట్టెయ్యాల్సిన అవసరమే రాలేదు. ఒక్కొక్కరు మిగిల్చిన లీటర్లు నగరానికి నీళ్లిచ్చే ఆనకట్టల వెనకే ఉండిపోవడం వల్ల అది చాలావరకు సాధ్యమైంది.

మీది పెద్ద జీవనది నీళ్లయితే, మీ ప్రశ్ననుబట్టి ఇదే అనుకుంటున్నాను, నిజాయితీగా చెప్పాలంటే మీరు కుళాయి కట్టేసినా కట్టెయ్యకపోయినా నదికి పెద్ద తేడా తెలియదు. వాడిన నీళ్లలో చాలా భాగం మురుగై, శుద్ధి చేస్తే శుద్ధయి, మళ్లీ ఆ నదిలోకే చేరుతుంది. అక్కడ మీరు నిజంగా మిగిల్చేది కరెంటు, రసాయనాలు, మురుగు శుద్ధి ఖర్చు. ముఖ్యంగా వేడినీళ్లు. 100 లీటర్ల నీళ్లను 30 డిగ్రీలు వేడెక్కించడానికి మూడున్నర యూనిట్ల కరెంటు కావాలి. అదే 100 లీటర్లను నదిలోంచి తోడి, శుద్ధి చేసి మీ ఇంటికి పంపడానికి అందులో చిన్న ముక్క కూడా అక్కర్లేదు. కాబట్టి వానల దేశంలో ఇలాంటి జీవనది నీళ్లు వాడేవాళ్లు షవర్ కింద నిలబడే నిమిషాలు తగ్గించుకుంటే చాలు, మొక్కలకు పోసే నీళ్ల గురించి టెన్షన్ పడక్కర్లేదు. మరీ ఎక్కువ పొదుపు చేసినా చిక్కే అని జర్మనీ అనుభవం చెప్తుంది. అక్కడ 1990లో మనిషికి 147 లీటర్లున్న వాడకం బాగా పడిపోయేసరికి, పెద్ద నీటివాడకం కోసం వేసిన పైపుల్లో నీళ్లు నిలవ ఉండిపోయాయి, మురుగు కాల్వల్లో ప్రవాహం చాలక మడ్డి పేరుకుంది. కొన్నిచోట్ల మంచినీళ్లు వదిలి కడగాల్సి వచ్చింది.

ఏ వనరైనా అందరికీ వర్తించేది మాత్రం ఒకటుంది, లీకేజీ. ఒకసారి ఒక ఊళ్లో నీళ్లు చాలడం లేదంటే వెళ్లాను. ఇంటింటికీ పొదుపు కరపత్రాలు పంచుతున్న రోజులవి. రాత్రి రెండు గంటలకు, అందరూ నిద్రపోయాక, ఆ కాలనీకి వెళ్లే పైపు మీద మీటర్ పెట్టి చూస్తే పగటి ప్రవాహంలో మూడోవంతు అప్పుడూ పోతూనే ఉంది. ఇనుప కడ్డీ ఒక కొన వాల్వ్ మీద, ఇంకో కొన చెవికి ఆనించి వీధి వీధీ నడిచాం. బాగున్న పైపు నిశ్శబ్దంగా ఉంటుంది. కారే పైపు సుయ్‌మని సన్నగా, ఆగకుండా మోగుతుంది. మూడో వీధి మలుపులో ఆ చప్పుడు దొరికింది, తెల్లారి తవ్వితే పైపు జాయింట్ దగ్గర చెయ్యి పట్టేంత సందు. నీళ్లు పైకి తేలకుండా పక్కనున్న మురుగు కాల్వలోకి దారి చేసుకున్నాయి, అందుకే ఎన్నాళ్లుగానో ఎవరికీ కనిపించలేదు. ఆ ఒక్క జాయింట్ బాగుచేశాక ట్యాంకు నిండటం మొదలైంది. ఆ కరపత్రాలు చదివి పిల్లల స్నానాల నీళ్లు తగ్గించిన తల్లులు గుర్తొచ్చి ఆ రోజు నాకు చాలా బాధేసింది.

ఇంట్లో కూడా ఇదే పరీక్ష చేసుకోవచ్చు. రాత్రి పడుకోబోయే ముందు మీటర్ అంకె రాసుకోండి, పొద్దున లేచి ఎవరూ కుళాయి తిప్పకముందే మళ్లీ చూడండి. అంకె కదిలితే ఎక్కడో కారుతోంది. మొదట అనుమానించాల్సింది ఫ్లష్ ట్యాంకునే. ట్యాంకులో నాలుగు చుక్కల రంగు వేసి, పావుగంట ఫ్లష్ చెయ్యకుండా వదిలేసి, కింద టాయిలెట్ బేసిన్‌లోకి రంగు దిగిందేమో చూడండి. దిగితే లోపలి రబ్బరు వాషర్ అరిగినట్టే. సెకనుకో చుక్క కారే కుళాయి రోజుకు 20 లీటర్ల దాకా పోగొట్టవచ్చు, అంటే ఇందాక చెప్పినట్టు ఇంకోచోట ఒక మనిషికి రోజంతటికీ మోసుకొచ్చే నీళ్లు.

చివరగా, దూరప్రాంతాల వాళ్ల గురించి మీకు నిజంగా పట్టింపు ఉందని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది కాబట్టి ఇదీ చెప్పాలి. నీళ్లు ప్రయాణించవు కానీ నీళ్లతో పండిన సరుకు ప్రయాణిస్తుంది. ఒక కిలో బియ్యం వెనక సగటున 2,500 లీటర్లు, ఒక నూలు చొక్కా వెనకా దాదాపు అన్నే ఉంటాయి. నెదర్లాండ్స్‌కు చెందిన ఆర్యెన్ హుక్‌స్ట్రా 2002లో ఈ లెక్క కట్టే పద్ధతికి రూపమిచ్చారు. కానీ ఈ అంకెలు చూసి కంగారుపడకండి, వాటిలో సుమారు సగం పొలం మీద పడ్డ వానే, ఆ పంట వెయ్యకపోయినా గడ్డీగాదం తాగే నీళ్లే. ఎండిన ప్రాంతంలో నది మళ్లించో, భూగర్భజలం తోడో పండించినప్పుడే నష్టం. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో అతిపెద్ద సరస్సయిన అరల్ సముద్రం అలాగే పోయింది. 1960ల నుంచి అము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లను ఎడారిలో పత్తి పొలాలకు మళ్లించారు, సరస్సు చాలావరకు ఎండిపోయి పడవలు ఇసుకలో మిగిలిపోయాయి. ఆ పత్తితో నేసిన బట్టలు వానల దేశాల వాళ్లూ కట్టుకునే ఉంటారు. మీ కుళాయి చెయ్యలేని పని, ఒక చొక్కా ఇంకో రెండేళ్లు తొడుక్కుంటే కొంతైనా జరుగుతుంది. ఆ పత్తి ఎక్కడ పండిందో తెలిస్తే ఇంకా మంచిది, కానీ లేబుల్ మీద ఆ వివరం సాధారణంగా ఉండదు.

మీ ఇంటికి నీళ్లు నదిలోంచి నేరుగా వస్తున్నాయా, నది పక్కన వేసిన బోర్లలోంచి వస్తున్నాయా కనుక్కోండి. నది ఒడ్డున చాలా ఊళ్లకు బోరు నీళ్లే సరఫరా అవుతుంటాయి, జనం మాత్రం నది నీళ్లే తాగుతున్నాం అనుకుంటారు. అది తేలాక, వారం రోజులు రాత్రి, పొద్దున మీటర్ అంకెలు, ఇంట్లో ఎంతమంది ఉన్నారో కూడా ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.